పెన్సిలు

గ్రిమ్స్‌బీ రేవు వానలో
సిరా కారిపోతుందని
హిల్డా ఓస్గర్బీ పెన్సిలుతోనే రాసుకునేది.

మునిగిన పడవ గురించి
మంత్రిని ఒక్కటే అడిగింది:
"ఎంతమంది?"
"పరిశీలిస్తున్నాం" అన్నాడాయన.
ఆ మాట కొట్టేసి
ఏడు పేర్లు అచ్చేశాను.
ఆ రోజు పేపర్లో
ఎవరూ చేపలు చుట్టలేదు.

తర్వాత ఓట్లు. పార్టీ. పార్టీలో పెద్ద కుర్చీ.
ఆమె వాక్యాలు దిద్దడానికి
ఇప్పుడు పదకొండుమంది ఉన్నారట.

నిన్న టీవీలో
మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర
తడిసి ముద్దయిన కుర్రాడొకడు
మైకు చాపాడు:
"ఉద్యోగాలు పోయింది ఎంతమందికి?"

ఆమె చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది,
పాత అలవాటు.
ఖాళీగా బయటికొచ్చింది.
"పరిశీలిస్తున్నాం."

పచారీ లెక్క రాస్తున్నానేమో,
చేతిలో ఎర్రకలం ఉంది.
లేచి వెళ్ళి గీశాను కూడా.
అద్దం మీద
సిరా నిలవలేదు.