కొస మడత

నేను పైకెక్కను.
ముందే చెప్పేస్తే నయం.
ముప్పై అడుగులు దాటితే
మోకాళ్లు నా పార్టీ వదిలేస్తాయి.
నా పని తాడు.

ఎక్కేది గ్లెనిస్ టీగ్. అరవయ్యేడేళ్లు.
ఒకప్పుడు టెలిఫోన్ స్తంభాల మీదే
టిఫిను కానిచ్చేదట.
నడుముకి పటకా, రెండు కొక్కేలు:
రెండోది తగిలించాకే మొదటిది విప్పాలి.
"రెండూ ఒకేసారి విప్పినవాళ్లు
మళ్లీ మీటింగుకి రాలేదు" అంటుంది.
అని, నవ్వదు.

హార్షంకి పడమర, ఏప్రిల్ నెల.
కోసేసిన గోధుమ చేలల్లో కొయ్యకాళ్లు.
దూరంగా సిమెంటు గాదెలు.
మధ్యన క్లెమ్ రాట్రే టవరు, అరవై అడుగులు,
మూడు వైపులా లాగిపట్టిన ఉక్కు తీగలు.
క్లెమ్ పోయి రెండేళ్లు.
టవరింకా డ్యూటీలోనే ఉంది.
అమ్మెయ్యమన్నారు, నోలీన్ వినలేదు.
"రేడియో సంగతి నాకు తెలీదు.
ఆ తీగలు మోగే తీరు విని
బట్టలారేస్తాను" అంది.

ముందు కాళ్ల దగ్గరి పని.
టర్న్‌బకిల్స్ మరలకి గ్రీజు,
తుప్పు గోకినచోట జింకు పెయింటు,
పిడుగు దిగాల్సిన రాగి కడ్డీకి
కొత్త బిగింపు.
తర్వాత గిలకలో తాడు వేసి బకెట్టు కట్టాను.
ఇది తలకిందుల బావి:
నిండుగా పైకి పోతుంది,
ఖాళీగా నా దగ్గరికొస్తుంది.

"నెత్తీ!"
నేను నేర్పిన మాటే.
రెండు గురువులు, గాలికి చెదరవు.
పక్కకి దూకాను.
నేనున్నచోట నట్టు దిగబడింది
చిన్న సమాధానంలా.

కొరెల్లా చిలకలు కేబులు తొక్క నమిలేశాయట,
లోపలి రాగి అల్లిక వానకి నల్లబడిందట.
పైనుంచి బూతులూ కొలతలూ కలిసి వస్తున్నాయి,
ఏది ఏదో ఏరుకుని రాసుకుంటున్నాను.

ఉన్నట్టుండి ఏమీ వినబడలేదు.
మెడ పట్టేసినా చూపు దించలేదు నేను.
"టేపు" అంది చాలాసేపటికి.
"క్లెమ్ చుట్టిందే. కొస చూడు, మడిచి పెట్టాడు."
తర్వాత విప్పేవాళ్ల గోరుకి
తేలిగ్గా దొరకాలని.
పద్నాలుగేళ్ల కిందట,
అరవై అడుగుల ఎత్తున,
బహుశా ఎదురుగాలిలో,
ఒక అంగుళం మడత.

నాకు మోర్స్ నేర్పింది అతనే,
ఆ షెడ్డులో, బిస్కెట్ల డబ్బా పక్కన.
చుక్కలూ గీతలూ అతను చెబుతుంటే
నేను లఘువులూ గురువులూ వేసుకునేవాణ్ణి,
బడిలో ఛందస్సుకి
పదికి మూడొచ్చిన చేత్తో.
నా పుస్తకంలోకి తొంగిచూసి
"ఈ గుర్రపు నాడాలేంటి?" అనేవాడు.

ఎవరైనా పోతే
మావాళ్లు పేరు చివర రెండక్షరాలు చేరుస్తారు,
మీట మూగబోయిందని.
అతని పేరు పక్కన నేనూ రాశాను అప్పుడు, యాంత్రికంగా.
ఇవాళ గుర్తులు వేసి చూశాను.
మూడు లఘువులు: న గణం.
గురువు లఘువు గురువు: ర గణం.
నర.
అంతే ఉంది అక్కడ.
ఎవరితో చెప్పను? గ్లెనిస్‌కి చెబితే
"సరే, ఆ స్పానరందుకో" అంటుంది.

దిగేసరికి పొద్దు వాలింది.
ఆమె అరచేతుల్లో జింకు బూడిద రంగు.
కొత్త టేపు కొస గురించి నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.

షెడ్డులో రేడియో వేశాను.
ముందు హోరు, మూకుట్లో నూనె కాగుతున్నట్టు.
ఆ అడుగున సన్నగా, కాస్త తడబడుతూ,
హొక్కైడో నుంచి ఎవరో.
అక్కడింకా మంచు పడుతోందట.
మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది, అని అడిగాడు.

టీ కప్పులతో వచ్చిన నోలీన్‌కి చెప్పాను.
గడపలో ఆగి, తల కాస్త వంచి,
బయట తీగల్ని విన్నది.

"ఆరతాయని చెప్పు" అంది.