నూట ఎనభై దగ్గర

పీణ్యా రెండో స్టేజీలో కరెంటు ఇప్పుడే వచ్చింది.
కింద షెడ్డులో లేతు మళ్ళీ గొంతు సవరించుకుంటోంది.
నేను పైన, రేకుల గదిలో,
ప్లే నొక్కుతున్నాను.

అగరొత్తులు మోసే దువ్వెన అది.
రెండు క్రాంకులు, వాటి చేతుల మీద ఒక అడ్డకమ్మీ.
పుల్లల్ని ఎత్తాలి, ఒక్క అడుగు ముందుకు నడపాలి, దించాలి,
ఖాళీ చేతుల్తో కిందనుంచి వెనక్కి రావాలి.
పల్లకీ బోయీల పని, అంతే.

తొంభై దగ్గర బయల్దేరి
నూట డెబ్భై దాకా అడుగు తప్పరు.
నూట ఎనభై దగ్గర
క్రాంకులూ కమ్మీ అన్నీ ఒకే గీతగా పడుకుంటాయి.
మరుక్షణం మొదటిది ముందుకు పోతుంది,
రెండోది అలిగి వెనక్కి తిరుగుతుంది.
దువ్వెన వంకరపోయి పన్నెండు అగరొత్తులతో సహా
ఉక్కు గోడలో దూరి అవతలికి తేలుతుంది.
గోడకి గీత కూడా పడదు.
తెర మీద ఇనుముకి ఇనుము తగలదు.

ఏం చెయ్యలేదని?
మేట్లన్నీ ఒక్కొక్కటే ఆర్పాను, వెలిగించాను,
పెళ్ళింట్లో ఫ్యూజు వెతికేవాడిలా.
ఫ్రేములు చాలవేమోనని ఇరవైనాలుగుని అరవై చేశాను.
అదే తప్పు ఇంకా నున్నగా చేసింది.
తీసేసిన బోల్టుకి ఇంకా కట్టుబడే ఉన్న మేటొకటి దొరికింది,
మొన్న నిద్రమత్తులో నేను వేసిందే.
తెంపాను. సంబరపడ్డాను. ప్లే.
నూట ఎనభై.

రేపు పదకొండింటికి అగరొత్తుల వాళ్ళొస్తారు.
దొరెస్వామి సారు ఫోను నాలుగోసారి.

మునియెల్లప్ప టీ ఫ్లాస్కుతో మెట్లెక్కి వచ్చాడు,
వేళ్ళ గ్రీజు కాటన్ వేస్టుకి తుడుచుకుంటూ.
మూడుసార్లు వేయించుకుని చూశాడు.
"ఏమిమ్మా, అందరూ ఒకే గీత మీద పండుకుంటే
ఎటు లేచేదీ ఎవరికి తెలుస్తాది?
బరువుంటే ఊపులో దాటుకుంటాది. నీ దాంట్లో బరువేదీ?"
కీబోర్డు పక్కన అగ్గిపుల్లలు పేర్చాడు.
"మూడో క్రాంకు పెట్టు. వరసలో కాదు, కింద, పక్కకి.
ఆ రెండిట్లకీ అనుమానమొచ్చే తావులో
దానికి అనుమానముండదు."

పెట్టాను.
చెట్టు మొత్తం ఎర్రబడింది. మితిమీరిన బంధాలట.
"కింద మిషన్లో బొక్కకి వెంట్రుకంత వదులుంటాదమ్మా,
దాని పుణ్యాన మూడూ సర్దుకుంటాయి.
దీనికి వదులు నేర్పినోళ్ళు లేరు," అని
టీ మూత నా ముందు పెట్టి దిగిపోయాడు.
కింద ఎవరో అతన్ని కన్నడంలో కేకేస్తున్నారు.

అప్పుడు చేసింది చెప్పడానికి కొంచెం సిగ్గే.
రెండోదాని పిన్ను విప్పేశాను, మూడోదానిదీ.
మొదటిదానికి సమాంతరంగా తిరగండి, చాలన్నాను.
దువ్వెనని నేలకి సమాంతరంగా ఉండమన్నాను.
ఇప్పుడు మోసేది ఒక్కటే.
మిగతా రెండూ పల్లకీ కింద భుజం ఆనించకుండా
అడుగులో అడుగేస్తున్నాయి, అంతే.
కింద ఇనుములో నిజంగా మోస్తాయిలే,
అక్కడ మునియెల్లప్ప ఉన్నాడు.

నూట డెబ్భై తొమ్మిది.
ఎనభై.
ఎనభై ఒకటి.

టీ చల్లారింది. ఇంకో పదకొండుసార్లు చూశాను.

మర్నాడు వీడియో మధ్యలో
అగరొత్తుల పెద్దాయన అడిగిందొకటే,
ప్యాకెట్టు ఊదారంగులో ఎందుకుందని.
దొరెస్వామి సారు నా వైపు చూశారు.
నేను జవాబు చెప్పలేదు.
అప్పుడే అది నూట ఎనభై దాటుతోంది.