తవ్విపోసిన ఇల్లు

పామూరులో ఆ మట్టిమిద్దె దూలాలకు
బేరమాడను పోయినాను. పాతకలప నా వ్యాపారం.
ఏ ఇంట్లోకి పోయినా ముందు వేలి కణుపుతో తట్టి చూస్తాను,
టేకుది ఒక పలుకు, వేపది ఇంకొకటి.
ఇక్కడ నేను తట్టకముందే
దూదేకుల లాలమ్మ మొదలుపెట్టింది.

"మా తాతకు నాయన, పెద్ద మౌలాలి,
ముందు బావి తవ్వినాడయ్యా.
ఏడు మట్ల లోతు. చెమ్మ గూడా తగల్లా.
తవ్విపోసిన కుప్పను చూసి ఊరంతా నవ్వితే
ఆ కుప్పనే ఇల్లు చేసినాడు."

మట్టి తొక్కను నీళ్లు మోపాడు చెరువు నుంచి,
బండి మీద, బానకు అణా.
కరువేడు గోడ నీళ్లు తాగతా ఉంటే
ఎద్దులు అటే చూస్తా నిలబడ్డాయంట.

మూరెడు వరస. అది ఎండినాకే ఇంకో వరస.
నడుమ సన్నటి గీతలు ఇప్పటికీ కనపడతాయి.
నాలుగో గీత పైన మట్టి రంగు మారింది.
"ఆడ మా అవ్వ కాన్పులో పోయింది.
ఆర్నెల్లు ఎవురూ మట్టి ముట్టలా.
తర్వాత వాడింది బావి అడుగుది, తెల్లసుద్ద."

నడవలో దూదేకే విల్లు తగిలించిన మేకు.
విల్లు లేదు.
మేకు కింద గోడ నున్నగా గుంటపడింది,
ఎన్ని వీపులు ఆనుకున్నాయో.
ఈ గదిలో కొన్నాళ్లు మార్కాపురం పలకల గోదాము.
ఒకసారి ఓట్ల పెట్టె గూడా పెట్టినారు.
ఒక ముసురులో మిద్దె మీద చౌడు కరిగి
గవాక్షిలోంచి ముద్దగా బురద,
సరిగ్గా పెళ్లికొడుకు తలపాగా మీద!
నవ్వింది లాలమ్మ,
బోరునీళ్లు మరకలేసిన పళ్లతో.

దూలాలు దింపినాను. నాలుగు వేప, ఒకటి నల్లమద్ది.
పొక్లెయిను రెండు దెబ్బలు వేసిందో లేదో
గోడలు కూలబడ్డాయి, నిలబడి నిలబడి కాళ్లు లాగినట్టు.
ఈ మట్టి యాడ పొయ్యాలని డ్రైవరు అడిగితే
పెరట్లో రేగుకంప కప్పిన గుంత చూపించింది.

పొద్దు వాలేదాకా పోసినాడు.
సరిపోతాదనే అనుకున్నాం,
యాడి మట్టి ఆడికే గదా.
అంతా పోసినాక గూడా
నిలువెత్తు వెలితి.

లాలమ్మ అంచున నిలబడి వంగి చూసింది.
"వచ్చేవోళ్ల కాళ్లకు, పొయ్యేవోళ్ల కాళ్లకు
అంటుకొని పోయింటాదిలే" అనింది.

ట్రాక్టరు ఎక్కి
చెప్పులు దులపబోయి
ఊరుకున్నాను.