యాంబా గేటు దగ్గర

మిల్డూరా దాటాక గంట పైన
ఎర్రమట్టీ, రెండు పెద్ద బోర్డులూ.
రెండూ చూశాను. చదవలేదు.

డిక్కీలో భ్రమరాంబ పెరటి జామకాయలు,
నాలుగు కిలోలు, తడిగుడ్డలో.
వెనకసీట్లో కుందన దారిపొడుగునా
ఉప్పుకారం అద్దుకుని తింటూనే ఉంది.

గేటు దగ్గర ఒకావిడ వంగి
"పళ్ళేమైనా?" అంది.
"ఒకటే దేశం కదండీ," అన్నాను
ఆవిడే నాకేదో బాకీ ఉన్నట్టు.

ఒక కాయ తీసి నిలువునా కోసింది.
గింజల మధ్య బియ్యపు నూకంత తెలుపు,
కదిలింది.
కుందన నమలడం ఆపేసింది.

"మా నాన్న తోటలో ఇలాంటిదే ఒక్కటి.
రెండేళ్ళు మా నారింజలు ఊరు దాటలేదు."
గొంతు పెంచలేదు.
పెంచితే బాగుండేది,
నేనూ పెంచేదాన్ని.

డబ్బాలో ఒక్కోటే వేశాను.
అడుగున ఒక్కోటీ మోగింది.
జరిమానా కాగితం ఇచ్చి
జాగ్రత్తగా వెళ్ళమంది.

రెన్‌మార్క్ దాకా ఇరువైపులా నారింజ తోటలే.
అద్దాలు దించబుద్ధి కాలేదు.
స్టీరింగంతా జామ వాసన.

ఇంకో బోర్డు వచ్చింది.
కంగారూలు అడ్డొస్తాయి, అంతే.
బండి నెమ్మది చేసి
పైకే చదివాను.