ఒక పలక వదిలేశాను

మల్కాపురంలో మా ఇంటికి
ఆయన కంటే ముందే ఆయన పని వచ్చేస్తుంది.
రాత్రంతా రేవులో దించిన బొగ్గు
గాలెక్కి, మూడంతస్తులెక్కి,
తలుపు తట్టకుండా లోపలికొచ్చి
కిటికీ ఊచల మీద, బిందె మూతల మీద,
ఆరేసిన చంటోడి లంగోటాల మీద
నల్లగా, మెత్తగా కూర్చుంటుంది.

ఐదున్నరకి కుళాయి.
ఆరు బిందెలు, రెండు బకెట్లు.
చంకలో మోక్షు, చేతిలో చెంబు,
కొంగు పట్టుకుని లోహిత:
"అమ్మా, నీళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటాయి?"
"మేఘాద్రిగెడ్డలో."
"దుప్పటి కప్పుకుంటాయా?"
ఆ మాట దగ్గర ఆగిపోయి
ఒక బిందె పొర్లిపోనిచ్చాను.

దోసె నాకెప్పుడూ గుండ్రంగా రాదు.
మా అత్త నూకరత్నం ఉన్నన్నాళ్లూ
"ఏటమ్మా, ఇదే దేశం పటం?" అనేది.
ఇవాళ పెనం మీద ఒక మూతి సాగింది.
"డాల్ఫిన్ నోస్!" అని గెంతింది లోహిత.
దీపస్తంభం ఉండాల్సిన కొసని ముందు తుంచేసి,
తుంచాక దిగులుపడింది,
"ఇప్పుడు ఓడలకి దారెలాగమ్మా?"
అక్కడో చట్నీ చుక్క పెట్టాను.
వెలిగిందట.

అబద్ధం చెప్పను.
కొన్ని రోజులు స్నానాల గదిలో గడియ పెట్టుకుని
మగ్గులోకి సన్నధార వదిలి
ఆ చప్పుడు వెనక ఊరికే నిలబడతాను.
ఐదు నిమిషాలు. అంతే.
తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్లొస్తాయి.
"అమ్మా, ఉన్నావా?"
ఉన్నాను.
కాసేపు లేకుండా ఉందామనే వచ్చాను,
ఆ మాట పైకి అనను.
వంగి ఆ వేళ్ల మీద ఒక నీటిబొట్టు వేస్తాను.
బయట ఒకటే నవ్వు.

రేవులో ఓడ కూస్తే
మోక్షు చేస్తున్న పని ఆపేస్తాడు.
(చేస్తున్న పని: కందిపప్పు డబ్బా ఒలకబోయడం.)
పొట్ట బిగించి "బూ..." అంటాడు.
ఓడ మళ్లీ కూస్తుంది.
చూశావా, నాకే జవాబిచ్చింది, అన్నట్టు
నా వైపు తిరుగుతాడు.
నేలంతా పప్పు.
నేను దోసిలి పడితే
రెండు గింజలు వేస్తాడు, మూడు తీసుకుంటాడు.
ఇద్దరం అలా ఎంతసేపో.
అన్నం పొయ్యి మీద మెత్తబడిపోయింది.

తడిగుడ్డ పిండితే బకెట్లో కాటుక.
ఇన్నాళ్లూ తిట్టుకున్నాను
రేవుని, గాలిని, ఒక్కోసారి ఆయన్ని కూడా.
ఇవాళ గడప దగ్గరి పలక మీద
లోహిత ఆ నలుపులో వేలితో గీస్తోంది:
పొడుగాటి గీత, చివర కొక్కెం,
కొక్కేనికి వేలాడుతూ ఒక సున్నా.
"ఏటే ఇది?"
"నాన్న క్రేను."
"ఆ సున్నా?"
"నువ్వు.
నిద్దరోతున్నావు కదా,
లేవకుండా మెల్లిగా దించుతున్నాడు."

గుడ్డ చేతిలోనే ఉంది.
చుట్టూ తుడిచాను. తొమ్మిది పలకలు తళతళ.
పదోది ఇవాళ్టికి
నిజంగా పలకే.

డ్యూటీ మీద డ్యూటీ చేసి
మధ్యాహ్నానికి వచ్చాడాయన.
చెప్పులు విప్పి, గడప మీద ఆగి, కిందికి చూసి,
బారుగా కాలు చాచి దాటాడు.
ఏమీ అడగలేదు.
స్నానం చేసి పడుకుంటే
ఒకవైపు ఒకరు, పొట్ట మీద ఒకరు.
ఫ్యాను కింద ముగ్గురికీ ఒకటే గురక.

గౌన్లు నానబెట్టబోతూ జేబు తడిమితే
చేతికి ఏదో గట్టిగా తగిలింది.
ఎండిన దోసె ముక్క.
పొద్దున తుంచిన దీపస్తంభం.
ఎవరికని దాచిందో!

అటూ ఇటూ చూసి,
వెలుగుతుందో లేదో చూద్దామని
నోట్లో వేసుకున్నాను.