ఆ మాట తప్ప

హల్ ఊళ్లో, హెస్సిల్ రోడ్డు వెనక సందులో
మా ఇంటికీ ఈనిడ్ ఇంటికీ ఒకటే గోడ.
ఆవిడ దగ్గు నాకు వినిపిస్తుంది,
నా కుక్కర్ కూతలు ఆవిడ లెక్కపెడుతుంది.
"ఇవాళ మూడే వచ్చాయి, క్యారెన్. ఉడికిందంటావా?"
కిరణ్మయి అన్న పేరు ఆవిడ నోటికి పట్టలేదు,
నేనూ పట్టుబట్టలేదు.

శనివారం పొద్దున్న గోడ మీద రెండు దెబ్బలు.
రెండంటే రమ్మని. ఒకటంటే ఏదో చేజారి పడిందని.

కూతురు లీడ్స్ నుంచి పంపిన కొత్త రేడియో
టీ బల్ల మీద, సగం ఇంకా అట్టపెట్టెలోనే.
దానికి ఏరియల్ లేదు, వైఫై కావాలిట.
ముందుపక్క ఒక గుండ్రటి మర.
తిప్పితే అక్షరం, నొక్కితే ఖాయం.
పెద్దక్షరాలయ్యాక చిన్నవి, చిన్నవయ్యాక అంకెలు,
ఒక్కటి దాటిపోయిందా, మళ్లీ మొదటినుంచీ ప్రదక్షిణం.
ఆవిడ వేళ్లకి ఈమధ్య వణుకు.

"పాస్‌వర్డ్ చెప్పండి, నేను తిప్పుతా."

చెప్పలేదు.
కెటిల్ పెట్టింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి,
పెట్టి, మళ్లీ తీసి,
"అది క్లిఫర్డ్ పెట్టిన మాట" అంది.
"ఎక్కడైనా రాసి ఉందా?"
"లేదు. నాకు తెలుసు."

క్లిఫర్డ్ నేను చూడని మనిషి.
చేపల ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటర్,
ఐస్‌లాండ్ అవతలి నీళ్లలో, చెవులకి దొప్పలు తగిలించుకుని
టిక్కు టక్కుల్లో ఊరికి కబుర్లు పంపినవాడు.
ముసలితనంలో ఇంటికి రౌటర్ వచ్చిన రోజే
కంపెనీవాళ్ల మాట చెరిపేసి
తనదొకటి పెట్టాడు.

మా అమ్మమ్మ తాతయ్య పేరు ఏనాడూ పలకలేదు.
రేషన్ కార్డు గుమాస్తా అడిగితే
నన్ను ముందుకి తోసి, నువ్వు చెప్పవే అనేది.
ఈనిడ్‌కి తోయడానికి ఎవరూ లేరు.

రౌటర్ మెట్ల కింద గూట్లో ఉంది.
మోకాళ్ల మీద కూచుని ఫోన్ వెలుగులో చూశాను.
వెనకవైపు, దుమ్ములో, కందిగింజంత బొత్తం.

"దీన్ని నొక్కితే మాటతో పనిలేదు.
రెండు నిమిషాలు తలుపు తీసి ఉంటుంది.
ఈలోగా రేడియోలోనూ నొక్కాలి.
ఆ మాటేదో అవీ అవీ చెప్పుకుంటాయి."

"ఎవరికీ వినపడదా?"

"నాక్కూడా."

అయితే నేనే నొక్కుతానంది.
వంగడానికే చాలాసేపు పట్టింది.
"నొక్కా!" అని గూట్లోంచి కేక.
నేను రేడియో దగ్గర, దీపం ఆరుతూ వెలుగుతూ,
గడువు అయిపోయింది. కుదరలేదు.
టీ చల్లారింది.
రెండోసారి నేను మెనూలో దారి తప్పాను.
మూడోసారి

తెర మీద చుక్కలు కూడా పడలేదు.
కలిసింది అని ఒక్క ముక్క,
వెంటనే ఒక గొంతు, తొందరేం లేకుండా,
ఏ సముద్రం మీద గాలి ఎటు తిరిగిందో,
ఎంత దూరం కనిపిస్తోందో చదువుతోంది.

ఈనిడ్ రాలేదు.
లేవలేకపోతోందేమోనని వెళ్లాను.
మెట్ల కింద చీకట్లో, నిలకడగా వెలుగుతున్న
ఆ ఆకుపచ్చ చుక్క ముందు
పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

నాకు పెదాలు చదవడం రాదు.
అయినా చూపు తిప్పుకుని
మూలనున్న గొడుగులు లెక్కపెట్టాను.
ఏడు.