కొబ్బరి చిప్పలు

డెంజిల్ హాప్‌క్రాఫ్ట్ గొంతులో పదకొండుమంది అద్దెకుండేవారు.
గ్రిమ్స్‌బీ చేపల రేవులో వేలంపాట పాడే తండ్రి,
కోపం వస్తే తుమ్ములొచ్చే మేనత్త,
మిగతావాళ్లెవరో నాకూ చెప్పలేదు.

మాంచెస్టర్ స్టూడియోలో గురువారం రాత్రులు
అతను గుర్రమెక్కేవాడు.
నా చేతుల్లో రెండు కొబ్బరి చిప్పలు పరిగెత్తేవి.
అతను జారిపడితే ధబ్బుమనే ఇసుక సంచీ నాది,
పెళ్లాం అలిగి వెళ్తే ధడాలున మూసుకునే తలుపూ నాదే.
దేశమంతా అంట్లు తోముకుంటూ నవ్వేది.
బస్సులో పక్క సీటాయన అతన్నే అడిగాడొకసారి,
నిన్నటి రేడియో విన్నారా అని.
"లేదండీ, ఆయన గొంతు మా ఇంట్లో ఎవరికీ పడదు."

తర్వాత టెలివిజన్ వచ్చింది.
జనం మొహం చూశారు:
వానలో తడిసిన ఉత్తరంలాంటి మొహం.
ఆరేళ్లు ఒకే హోటల్లో వడ్డనవాడు,
ఆరేళ్లూ సూపు అదే పెద్దమనిషి ఒళ్లో.
ఆ హోటల్లోకి గుర్రాలు రావు కాబట్టి
నన్నెవరూ పిలవలేదు.

మళ్లీ చూసింది ఆసుపత్రిలోనే.
మాట పడిపోయింది. పదకొండుమందీ
చెప్పాపెట్టకుండా ఖాళీ చేసినట్టున్నారు.
దుప్పటి మీద అతని రెండు వేళ్లు
టక్ టక్, టక్ టక్.
ముసలి గుర్రం, ఎత్తు దారి.
బల్లమీది టీ కప్పులు రెండు బోర్లించి
నేనూ అందుకున్నాను.

నర్సు వచ్చి కసిరింది,
విసురుగా తలుపు వేసుకుని పోయింది.
డెంజిల్ నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.
నిజమే, మరీ పేలవమైన చప్పుడు.
మేమైతే ఇంకోసారి చేయించేవాళ్లం.